చేపలతొట్టెకు ఇంట్లో చోటెక్కడ?

ఇంట్లో చేపలతొట్టె ఎక్కడ పెట్టాలన్నదానికి కూడా ఓ చరిత్ర ఉంటుందా అని మీరు నవ్వుకోవచ్చు. నేనూ నవ్వేదాన్నే. కానీ మొన్న మా ఇంట్లో వారం రోజులపాటు ఈ ఒక్క విషయం మీదే వాదోపవాదాలు జరిగాయి.

మా అబ్బాయి నాలుగడుగుల పొడుగు గాజుతొట్టె ఒకటి కొనుక్కొచ్చాడు. హాల్లో కిటికీ కింద పెట్టాలని మా వారు. గుమ్మంలో అడుగుపెట్టగానే వచ్చినవాళ్ల కంట పడాలట! ఈశాన్యం మూలకే పెట్టాలని మా అత్తగారు. టీవీ పక్కనే కావాలని మనవరాలు. తలా ఒక చోటు చూపించారే గాని, దానికి నీళ్లెవరు మోస్తారన్న మాట ఒక్కరి నోటా రాలేదు. చివరికి ఆ మాట అడిగింది మా పనిమనిషి. "అమ్మా, పంపు వెనక వసారాలో ఉంది. తొట్టె వీధివైపు కిటికీ దగ్గర పెడతామంటున్నారు. వారానికి ఎన్ని బకెట్లు మోయాలి?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే, ఆమె వేసిన ప్రశ్న నూట డెబ్భై అయిదేళ్ల నాటిదని తెలిసింది.

చేపల్ని ముచ్చటకు పెంచడం చైనావాళ్లకు వెయ్యేళ్ల నాటి అలవాటు. మొదట పెరటి కొలనుల్లో పెంచారు. మింగ్ వంశపు రాజుల కాలంలో ఆ బంగారు చేపలు పింగాణీ తొట్లలోకి, ఇళ్లలోకి వచ్చాయి. 1596లో వాటి పెంపకం మీద అక్కడ ఒక పుస్తకమే వెలువడింది. అయితే ఆ తొట్లలోంచి పక్కకు ఏమీ కనబడదు. పైనుంచి వంగి చూడాల్సిందే. అంచేత ముంగిట్లో నేలమీద పెట్టినా సరిపోయేది. చోటు గురించి పేచీ మొదలయిందల్లా తొట్టెకు గాజు గోడలు వచ్చాకే.

గాజుతొట్టెలో నీటి జంతువుల్ని పెట్టి శాస్త్రీయంగా పరిశీలించిన తొలి వ్యక్తి ఎవరో తెలుసా? ఒక దర్జీ అమ్మాయి! పేరు జాన్ విల్‌ప్రూ పవర్. ఫ్రాన్సులో ఓ పల్లెటూరి చెప్పులు కుట్టే ఆయన కూతురు. పారిస్ వెళ్లి కుట్టుపని నేర్చుకుని, 1816లో ఒక రాకుమారి పెళ్లిబట్టలు కుట్టేంత పేరు తెచ్చుకుంది. పెళ్లయ్యాక సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో కాపురం పెట్టింది. ఆర్గొనాట్ అనే ఒక రకం ఆక్టోపస్ పల్చటి గుల్లలో ఉంటుంది. ఆ గుల్ల అది స్వయంగా కట్టుకున్నదా, మరో ప్రాణి దగ్గర కాజేసిందా అని పండితులు తర్జనభర్జన పడుతున్న రోజులవి. ఈమె 1832 ప్రాంతంలో గాజుతొట్లు చేయించి, వాటిలో ఆ ప్రాణుల్ని పిల్లలుగా ఉన్నప్పటి నుంచీ పెంచి, గుల్ల అదే కట్టుకుంటుందని రుజువు చేసింది. సూది పట్టిన చేతికి ఓపిక కొత్తగా నేర్పాలా చెప్పండి!

ఇహ తొట్టెను డ్రాయింగు రూములోకి తెచ్చిన ఆవిడ ఇంగ్లండులోని ఆనా థిన్. ఆమె భర్త లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీ చర్చిలో పెద్ద మతాధికారి. 1846లో ఆమె టార్కీ సముద్రతీరానికి వెళ్లినప్పుడు బతికున్న పగడపు ప్రాణుల్ని చూసి మోజుపడింది. దారి కుదుపులకు దొర్లిపోకుండా వాటిని ఓ పెద్ద స్పాంజికి సూదీదారంతో కుట్టేసి, సముద్రపు నీళ్లున్న జాడీలో పెట్టుకుని లండన్ తెచ్చింది. గాజు గిన్నెల్లో పోసి ఇంట్లో పెట్టుకుంది. తెచ్చిన నీళ్లు కొద్దిగానే ఉన్నాయి. మార్చడానికి లండన్‌లో సముద్రమేదీ? నీళ్లకు గాలి తగిలితే మళ్లీ బాగుపడతాయని ఆమె గ్రహించింది. అందుకని తెరిచిన కిటికీ ముందు నిలబడి ఆ నీళ్లను ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి ఎత్తి పోయడం మొదలయింది. అరగంట, ముప్పావుగంట, అలా రోజుల తరబడి!

ఎవరు పోశారంటారు? ఆనా కాదు, ఇంట్లో పనిచేసే చిన్నపిల్ల. కష్టమైన పనేనని ఆనా కూడా తర్వాత రాసుకుంది. కాని ఆ పిల్లకది సరదాగానే ఉండేదని చేర్చింది. సరదాయో కాదో ఆ పిల్లనెవరూ అడిగినట్టు లేదు. ఆమె పేరు కూడా ఆ రాతలో లేదు. మరుసటేడు ఆనా ఆ గిన్నెల్లో సముద్రపు మొక్కలు వేసింది. ప్రాణవాయువును మొక్కలే ఇస్తాయి గనుక, నీళ్లు పోసే చాకిరీ తగ్గింది. ఒక గొప్ప శాస్త్రసూత్రం ఆ పిల్ల చేతులకు విశ్రాంతి ఇచ్చిందన్నమాట.

అదే సూత్రాన్ని రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మంచినీటిలో పరీక్షించి 1850లో ప్రకటించాడు. రెండు బంగారు చేపలు, కొంచెం నీటిమొక్క వేశాడు. కుళ్లిన ఆకులతో నీళ్లు మురికయ్యాయి. కొన్ని నత్తల్ని వదిలితే అవి ఆ కుళ్లును తినేశాయి. నీళ్లు తేటపడ్డాయి. 1845లో ఇంగ్లండులో గాజు మీద పన్ను ఎత్తేయడంతో గాజు అంతకుముందే చౌకయింది. 1853లో లండన్ జూలో చేపల ఇల్లు తెరిచారు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో 'ఆక్వేరియం' అన్న మాట స్థిరపడింది. ఇంకేముంది, లండన్ ఇల్లాళ్ల ముందుగదుల్లో ఎక్కడ చూసినా తొట్లే!

మరి వాళ్లు ఎక్కడ పెట్టారు? కిటికీ దగ్గర. అప్పటికి విద్యుద్దీపాలు లేవు. వెలుగు లేకపోతే మొక్క ప్రాణవాయువు ఇవ్వదు. కాబట్టి వాళ్లకు కిటికీ తప్పనిసరి. కాని ఎండ ఎక్కువైతే గాజంతా పచ్చగా పాచి పట్టేది. నీళ్లు వేడెక్కి ప్రాణులు చచ్చేవి. విసిగిపోయి చాలామంది తొట్లు ఖాళీ చేశారు. 1860ల తర్వాత ఆ మోజు చల్లబడింది. ఇరవయ్యో శతాబ్దంలో కరెంటు దీపం, గాలి పంపు వచ్చి మళ్లీ ప్రాణం పోశాయి. మన వైపు చూస్తే, చెన్నపట్నం మెరీనా తీరాన 1909లోనే ప్రజల కోసం ఆక్వేరియం తెరిచారు. మన కోస్తా జిల్లాలన్నీ ఆ రాజధాని కిందే ఉన్న రోజులవి. బొంబాయిలో తారాపూర్‌వాలా ఆక్వేరియం 1951లో వచ్చింది.

చూశారా, కిటికీ చోటు దీపాలు లేని చలిదేశంలో పుట్టిన అవసరం. దీపం వచ్చాక ఆ అవసరం పోయింది, అలవాటు మాత్రం మిగిలింది. మన ఎండలకు అది బొత్తిగా పనికిరాదు. ఎండ పడని లోపలి గోడ మంచిది. స్విచ్చిబోర్డు దగ్గరుండాలి, కాని తొట్టె కిందనో, నీళ్లు చిందే చోటనో ఉండకూడదు. తీగ కాస్త కిందికి వేలాడి, తర్వాత పైకి లేచి ప్లగ్గుకు చేరేలా చూడండి. అప్పుడు తీగ వెంట జారిన చుక్క అడుగునే పడిపోతుంది.

బరువు సంగతి మరవకండి. నాలుగడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టెలో సుమారు 250 లీటర్ల నీళ్లు పడతాయి. లీటరుకు కిలో. గాజు, గులకరాళ్లు, స్టాండు కలిపితే 300 కిలోలు దాటుతుంది. అయిదుగురు పెద్దవాళ్లు కదలకుండా ఎప్పటికీ ఒకేచోట నిలబడ్డట్టు! బాల్కనీలో, గది మధ్యలో వద్దు. గోడవారన పెట్టండి. మేడమీదయితే ఇల్లు కట్టిన ఇంజనీరును ఒకసారి అడగండి. వెనకటి తొట్లకు ఇనప చట్రం, లప్పం ఉండేవి. ఇప్పటివి సిలికాన్ జిగురుతో అతికించిన ఉత్త గాజు. బల్ల ఏమాత్రం వంకరగా ఉన్నా పగులుతుంది. నీటిమట్టం పెట్టి చూసి, అడుగున పల్చటి థర్మోకోల్ షీటు పరవండి.

అన్నిటికన్నా ముఖ్యం నీళ్లు. వారానికి నాలుగో వంతు మార్చాలనుకోండి, 60 లీటర్ల పైమాటే. 15 లీటర్ల బకెట్లయితే బయటికి నాలుగు, లోపలికి నాలుగు. మునిసిపాలిటీ నీళ్లయితే ఒక రోజు నిలవ ఉంచి క్లోరిన్ పోయాక పొయ్యాలి. అంటే ఆ డ్రమ్ముకు కూడా చోటు కావాలి. వీధి గదికీ పంపుకూ మధ్య ఎన్ని అడుగుల దూరమో లెక్క వేసుకోండి.

మా ఇంట్లో ఏం చేశామంటారా? తొట్టెను భోజనాల గదిలో వెనకగోడకు ఆనించి పెట్టాం. పంపు పది అడుగుల్లో ఉంది. గుమ్మంలోంచి కనబడదని మా వారు రెండ్రోజులు ముభావంగా ఉన్నారు. ఇప్పుడు కాఫీ గ్లాసుతో అక్కడే కూర్చుంటున్నారు. ఆదివారం బకెట్లు మోసేది మా అబ్బాయి, కొన్నవాడు వాడే గనుక. మా పనిమనిషి ఆ పక్కగా వెళ్తూ ఆగి చేపల్ని చూస్తుంది. ఆమె ముఖంలో అది సరదాయేనని నాకు అనిపించింది. అయినా ఈసారి ఊహించి ఊరుకోలేదు, అడిగాను. "బాగున్నాయమ్మా, మోసేపని లేకపోతే ఏదైనా బాగుంటుంది" అంది.

తొట్టెకు చోటు వెతికేటప్పుడు సోఫాలో కూర్చుని చూడకండి. బకెట్ చేత్తో పట్టుకుని ఒకసారి ఇల్లంతా నడవండి. సరైన చోటు ఎక్కడో మీ చేతులే చెబుతాయి. సెలవు.