సన్నబడే మందుల వెనుక కథ

1936లోనే నూలు మిల్లు పెట్టిన మన రాజపాళయం వారికి ఫ్యాక్టరీ పని ఒంటినేం చేస్తుందో ఒకరు చెప్పనక్కరలేదు. సన్నబడే మందుల కథా ఫ్యాక్టరీలోనే మొదలైంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఫ్రాన్సు మందుగుండు కర్మాగారాల్లో డైనైట్రోఫినాల్‌తో పనిచేసిన కార్మికులు చెమటలు కక్కుతూ చిక్కిపోయారు; కొందరు చనిపోయారు కూడా. 1933లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వైద్యులు ఆ రసాయనాన్నే లావు తగ్గడానికి ఇచ్చి చూశారు. జనం ఎగబడ్డారు. ఒళ్లు కొలిమిలా కాగింది, కొందరికి కళ్లలో శుక్లాలు వచ్చాయి. 1938లో అక్కడ దాన్ని ఆపారు.

తర్వాత ఫెన్‌ఫ్లురమిన్ గుండె కవాటాలను పాడుచేస్తోందని 1997లో అమెరికాలో తీసేశారు. సిబుట్రమిన్‌ను మన దేశంలో 2011లో నిలిపివేశారు. అదీ గుండెకు కీడు చేస్తుందనే.

బరువు తగ్గడానికని టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ వారానికొక సూదిగా మన దేశానికి వచ్చింది 2025లో. ఇవి ఆకలినే తగ్గిస్తాయి. పాతవాటితో వీటిని జమకట్టను. పరీక్షలు గట్టిగానే జరిగాయి. మరి మానేస్తే? సెమాగ్లుటైడ్ పరీక్షలో, మానిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. పెళ్లికి ముందు రెండు నెలలు వేసుకుందామనుకునేవారికి కాదిది. అధిక బరువుతోపాటు చక్కెర వ్యాధో, రక్తపోటో ఉన్నవారు డాక్టరును అడగవచ్చు. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా, మీకెప్పుడైనా క్లోమం వాచిందా, బిడ్డకోసం చూస్తున్నారా, ఇవేవీ దాచకండి. నెలకెంత ఖర్చు, ఎన్నేళ్లు వాడాలి అనీ అడగండి. అది అడగడానికే మొగమాటపడతాం మనం.