మిరప మంట కాదు

మా అమ్మమ్మది చిలకలూరిపేట దగ్గర నల్లరేగడి ఊరు. ఎనిమిది కాన్పుల్లో ఆవిడకు దక్కింది ముగ్గురే. మొదటి మూడూ కడుపులోనే పోయాయి. తర్వాతి ఇద్దరు పురిటిలోనే పోయారు. ‘కడుపు నిలవని మనిషి’ అని ఊరు పేరు పెట్టింది. దిష్టి తీశారు, నాగప్రతిష్ఠ చేయించారు. పత్తి బండ్లతో గుంటూరు వెళ్ళి నాలుగేసి రోజులు ఉండొచ్చే తాతయ్యని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

ఒకసారి కల్లంలో మిరపకాయల తొడిమలు తీస్తూ ఆవిడే చెప్పింది. “పెళ్ళైన ఏడాది అరిచేతుల్లో, అరికాళ్ళలో రాగి రంగు మచ్చలు లేచినయ్యే. దురదా లేదు, మంటా లేదు. మిరపకాయల వేడి అంది మా అత్త. కొన్నాళ్ళకి వాటంతటవే పోయినయి.”

చాలా ఏళ్ళ తర్వాత వైద్యచరిత్ర చదువుతూ సిఫిలిస్ రెండో దశ దగ్గర ఆగిపోయాను. అరిచేతుల్లో, అరికాళ్ళలో దురద లేని మచ్చలు. రక్తపరీక్ష లేకుండా అమ్మమ్మకి అదే జబ్బని ఏ డాక్టరూ చెప్పలేడు, నేనూ చెప్పను. కానీ మిరప వేడికి మంట ఉంటుంది కదా!

ఈ జబ్బు పేర్లలోనే సగం చరిత్ర ఉంది. 16వ శతాబ్దపు భావప్రకాశం దీన్ని ఫిరంగ రోగం అంది, అంటే ఐరోపా వాళ్ళు తెచ్చిన రోగం. ఇటలీ వాళ్ళు ఫ్రెంచి రోగం అంటే, ఫ్రెంచి వాళ్ళు నేపుల్స్ రోగం అన్నారు. తప్పు ఎప్పుడూ పక్కవాడిదే. తెలుగులో సవాయి అన్నారు, సుఖవ్యాధి అన్నారు. ఎవరి సుఖం, ఎవరికి వ్యాధి?

జబ్బు నడక కూడా దాపరికానిదే. సోకిన మూడు వారాలకి అటూఇటూగా నొప్పిలేని పుండు వస్తుంది. స్త్రీకి అది లోపల ఉంటే కనపడనే కనపడదు. మందు లేకుండానే మానుతుంది. కొన్ని వారాలకో నెలలకో ఒంటిమీద మచ్చలు, జ్వరం, గడ్డలు. అవీ పోతాయి. ఆ తర్వాత ఏళ్ళతరబడి మౌనం. కొందరిలో పది, ఇరవై ఏళ్ళకి గుండె, మెదడు దెబ్బతింటాయి. గర్భిణి నుంచి బిడ్డకి సోకితే గర్భస్రావం, మృతశిశువు, లేదా రోగంతో పుట్టిన బిడ్డ. కాలం గడిచేకొద్దీ బిడ్డకి అంటే అవకాశం తగ్గుతుంది. అమ్మమ్మ చివరి ముగ్గురూ ఎందుకు బతికారో దీనితో నాకు కొంత అర్థమైంది.

రాజ్యం ఏం చేసింది? 1868లో వచ్చిన అంటురోగాల చట్టం మద్రాసు నగరంలోనూ అమలైంది. వేశ్యలు పేరు నమోదు చేయించుకోవాలి, పరీక్షకి రావాలి, రోగముంటే లాక్ హాస్పిటల్లో ఉండాలి. వాళ్ళ దగ్గరికి వెళ్ళే మగవాళ్ళకి ఆ పరీక్ష లేదు. ఇంగ్లండులో జోసెఫిన్ బట్లర్ వంటి స్త్రీల పోరాటంతో అక్కడి చట్టం 1886లో, ఇక్కడిది 1888లో రద్దయ్యాయి. ‘చెడిపోయిన ఆడది రోగం తెస్తుంది’ అన్న మాట మాత్రం రద్దు కాలేదు.

మగ డాక్టరుకి ఒళ్ళు చూపించలేని మన ఆడవాళ్ళ గతేమిటి? 1883లో గుంటూరొచ్చిన అన్నా కుగ్లర్ డాక్టరే అయినా, మిషన్ ఆమెను మొదట వైద్యం కోసం నియమించలేదు. ఆమె స్త్రీల ఆసుపత్రి 1898లో తెరుచుకుంది.

వైద్యం అప్పటిదాకా పాదరసమే. రోగంకన్నా మందే పళ్ళూడగొట్టేది. 1905లో జర్మనీలో క్రిమిని కనుక్కున్నారు, 1906లో వాసర్మన్ రక్తపరీక్ష, 1910లో ఆర్సెనిక్ మందు సాల్వర్సాన్ వచ్చాయి. 1943లో పెన్సిలిన్ పనిచేస్తుందని అమెరికాలో తేలింది. అమ్మమ్మ కోల్పోయిన బిడ్డలు అంతకుముందు వాళ్ళే.

ఇవాళ వీడీఆర్‌ఎల్ వంటి రక్తపరీక్ష, దాన్ని ధ్రువపరిచే ఇంకో పరీక్ష చాలు. తొలి దశల్లో బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు ఒక్కసారి, ముదిరితే వారానికొకటి చొప్పున మూడు. పెన్సిలిన్ పడనివాళ్ళకి డాక్సీసైక్లిన్ ఇస్తారు. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో వెలుగులోకొచ్చింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధనశాల నుంచే. అయితే గర్భిణికి ఆ దారి లేదు. ఆమెకీ బిడ్డకీ పెన్సిలినే దిక్కు.

2000లలో హెచ్‌ఐవీ ఎక్కువగా కనిపించిన జిల్లాల్లో గుంటూరు, ప్రకాశం ఉన్నాయి. సిఫిలిస్ పుండు హెచ్‌ఐవీకి తలుపు తీస్తుంది. అప్పుడూ భర్త పోయాక ‘మొగుణ్ణి మింగింది’ అనిపించుకున్నది భార్యలే.

మొన్న మా అక్క కూతురితో ఆసుపత్రికి వెళ్ళాను. మూడో నెల. రక్తపరీక్షల చీటీలో వీడీఆర్‌ఎల్ ఉంది. “ఇదెందుకు పిన్నీ?” అంది. చెప్పాను. కాసేపు ఊరుకుని, “మరి ఆయనకి రాయలేదే?” అంది.

భార్యకి ఉందని తేలితేనే భర్తని పిలుస్తారు. నూటయాభై ఏళ్ళ క్రితం చట్టం అడగని ప్రశ్నని ఆ పిల్ల అడిగింది. ఇద్దరం మళ్ళీ డాక్టరు గదిలోకి వెళ్ళి రెండో చీటీ రాయించుకొచ్చాం.