మాంసం హోటల్లో పప్పన్నం ఎవరి కోసం?

2014 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు దాటినవారిలో 98 శాతం పైచిలుకు మాంసాహారులే. అంటే ముట్టనివాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. ఈ లెక్క మనసులో పెట్టుకుని మార్కాపురం, కంభం, గిద్దలూరు బజార్లలో తిరిగితే ఎక్కడో పొంతన కుదరదు. శాకాహార హోటళ్లు ఆ ఇద్దరికి సరిపోయేవాటికంటే చాలా ఎక్కువ. పైగా కోడికూర, వేటకూర వండే హోటల్లో కూడా మధ్యాహ్నం పప్పు, వేపుడు, సాంబారు, పెరుగుతో ఉత్త భోజనం అడిగితే వడ్డించేవాడు వింతగా చూడడు. బ్రాహ్మణులూ వైశ్యులూ ఉన్న ఊళ్లు కాబట్టి వాళ్ల కోసం అలా నడుస్తోందని చాలామంది అనుకుంటారు. ఆ జవాబు సగమే నిజం. ఈ ఊళ్లున్న పశ్చిమ ప్రకాశంలో మాంసం హోటల్లో శాకాహారం ఎవరి కోసమో మిగిల్చిన మూల కాదు. భోజనానికి పునాదే అది. మాంసం తర్వాత వచ్చి పక్కన చేరింది. ఆ శాకాహార భోజనం తినేవాళ్లలో ఎక్కువమంది కూడా మిగతా రోజుల్లో మాంసం తినేవాళ్లే.

ఊరు దాటినవాడికి అన్నం దొరికే చోట్లు పూర్వం ప్రధానంగా రెండు: సత్రం, పూటకూళ్ల ఇల్లు. వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్న క్రీడాభిరామంలో ఓరుగల్లులోని ఒక పూటకూళ్ల ఇంట్లో రూకకు దొరికే భోజనం జాబితా ఉంది. వరి అన్నం, గోధుమ పిండివంట, పప్పు, నెయ్యి, కూరలు, పెరుగు; ఇప్పటి ఫుల్ మీల్స్ బోర్డు మీది వరుసకు ఎంత దగ్గరో చూడండి. డబ్బు తీసుకుని పరాయివాళ్లకు అన్నం పెట్టే వృత్తి బ్రాహ్మణ ఇంటి వంటింట్లోంచి బయటికొచ్చింది కాబట్టి, అమ్మకానికి పెట్టిన భోజనం మొదటినుంచీ ఎక్కువగా శాకాహారమే. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామి నల్లమలకు పడమటి వైపు నుంచి శ్రీశైలం ఎక్కారు. మజిలీ మజిలీకీ ఆయన పట్టించుకున్నవి దిగడానికి చోటు, వంటకు సామాన్లు, బ్రాహ్మణుల ఇళ్లు. సొంత వంట వెంట నడిచే కాలమది.

అదే కొండకు తూర్పు దారి మన వైపు నుంచి ఉంది. త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం. మార్కాపురం మీదుగా వచ్చినవాళ్లు దోర్నాల దగ్గర అడవిలోకి దిగేవాళ్లు. అక్కణ్నుంచి శ్రీశైలం దాదాపు 50 కిలోమీటర్లు. శివరాత్రికి ఆ దారిన నడిచే రైతు ఇంటి దగ్గర పండక్కి పొట్టేలు కోసేవాడే, కానీ మల్లన్న దర్శనం అయ్యేదాకా ముట్టడు. కొండ ఎక్కేటప్పుడు ఒక రకం ఆకలి, దిగేటప్పుడు ఇంకో రకం. దారిలో పొయ్యి పెట్టుకున్నవాడు ఎక్కేవాడికీ దిగేవాడికీ వండాలి, నిజానికి ఆ ఇద్దరూ ఒక్కడే అయినా. శ్రీశైలంలో సత్రాలు కులాలవారీగా ఉన్నాయి. కరివెన సత్రం బ్రాహ్మణులది, మిగతా కులాలకు వాళ్ల వాళ్లవి. తిండి అందరిదీ ఒకటే శాకాహారం, పంక్తులు మాత్రం వేరు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. గొడవ వంటకంతో కాదు, పక్కన ఎవరు కూర్చున్నారన్న దానితో.

19వ శతాబ్దం చివర గుంతకల్లు నుంచి బెజవాడకు మీటర్‌గేజ్ రైలు నల్లమల కనుమను చీల్చుకుంటూ గిద్దలూరు, కంభం, మార్కాపురం, దొనకొండ మీదుగా వచ్చింది. ఒకే పెట్టెలో ఊరంతా ఎక్కాక పంక్తి భేదం కాపాడటం కష్టమైంది. అయినా ప్రయత్నం మానలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో స్టేషన్ల ఫలహారశాలల్లోనూ బ్రాహ్మణులకు వేరే చోటు ఉండేది. దక్షిణాది రైల్వేల్లో ఆ పద్ధతిని ఎత్తేసింది 1941లో. రాజ్యాంగం 15వ అధికరణం హోటళ్లలో కుల వివక్షను నిషేధించింది, 1955 అస్పృశ్యతా నేరాల చట్టం దాన్ని శిక్షార్హం చేసింది. పూర్వాచారపరుల దృష్టిలో మాంసం వండే మిలిటరీ హోటల్ ఎలాగూ మైలపడ్డదే కాబట్టి, వచ్చినవాడి కులం అడగాల్సిన అవసరం దానికి కాఫీ హోటల్ కంటే తక్కువ అని నా అంచనా. అంతమాత్రాన దాన్ని సమతకు ఆలయం చేయనక్కర్లేదు. పల్లె హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి, అంటరానితనంపై విచారించిన జస్టిస్ పున్నయ్య కమిషన్ నాటికీ పోలేదు.

ఇక అసలు సాక్ష్యం విస్తట్లోనే ఉంది. మీల్స్ హోటల్లో కూర్చోగానే ఆకు మీద నీళ్లు చల్లుకుంటాం. ముందు పచ్చడి, వేపుడు, కూర పడతాయి. అన్నం గంపతో ఒకడు, పప్పూ సాంబారూ బకెట్లతో ఇంకొకడు తిరుగుతారు. చివర పెరుగు. వీటన్నిటికీ కలిపి ఒక ధర, అన్నం అడిగినంత. మాంసం మాత్రం చిన్న గిన్నెలో ప్లేటు లెక్కన విడిగా వస్తుంది, బిల్లులోనూ విడిగా పడుతుంది. ఈ అమరిక వెనక ఉన్నది ధర్మం కాదు, లెక్క. 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉన్న ఈ తాలూకాలు మెట్ట సీమలు. కంభం చెరువు కింద తప్ప వరి అపురూపం. జొన్న, సజ్జ, కొర్ర తిన్న నేల. మాంసం ఆదివారానికో, జాతరకో, చుట్టం వస్తేనో. ఐసుపెట్టె లేని రోజుల్లో అమ్ముడుపోని కూర సాయంత్రానికి నష్టం. అందుకని హోటల్ యజమాని రోజంతా నమ్ముకున్నది పప్పు గుండిగనే, కోడికూర చట్టి చిన్నది. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పనిచేసే కూలీకి చేతిలో డబ్బుంటే ఒక ప్లేటు చెప్పేవాడు, లేకపోతే పప్పుతోనే కానిచ్చేవాడు. అలాంటి చోట పుట్టు శాకాహారి వచ్చి కూర్చుంటే కొత్తగా వండాల్సింది ఏమీ లేదు. ఒక ప్లేటు చెప్పడం మానేస్తే చాలు.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది. శాకాహారం అన్నది అగ్రకులాల శుచి భావనే, ‘శుద్ధ శాకాహారం’ బోర్డు పాత బ్రాహ్మణ కాఫీ హోటల్ బోర్డుకు మారుపేరు అని. కొన్నిచోట్ల అది నిజమే. వెజ్ తినేవాళ్లకు వేరే గది కావాలన్న కోరికలో ఆ వాసన ఉంది. కానీ శనివారం వెంకటేశ్వరుడికి, సోమవారం శివుడికి, కార్తీకమంతా ముట్టకుండా ఉండేవాళ్లలో సేద్యగాళ్లు, కూలీలు, ఆటో డ్రైవర్లు ఎక్కువ. వాళ్ల నియమాన్ని అరువు తెచ్చుకున్న ఆచారమని కొట్టిపారేయడం వాళ్ల మొక్కును తక్కువ చేయడమే. నియమంలో ఉన్నవాడు అసలు మాంసం వండే చోట అడుగు పెడతాడా అని ఇంకొకరు అడగవచ్చు. అయ్యప్ప మాల వేసుకున్న స్వామి పెట్టడు. శనివారం మనిషి అంత పట్టుదల మనిషి కాడు. నలుగురితో కలిసి వెళ్తాడు, వాళ్లు చికెన్ చెబుతారు, తను పప్పూ పెరుగూ తిని లేస్తాడు. హోటల్ బతికేది ఇలాంటివాళ్ల మీదే.

గట్టి ఆక్షేపణ పుట్టు శాకాహారిదే: గరిటె ఒకటే, నూనె ఒకటే అయినప్పుడు ఏది శాకాహారం? పాత మీల్స్ హోటల్లో దీనికి జవాబుండేది. పప్పు గుండిగ ఒక పొయ్యి మీద, మాంసం చట్టి ఇంకో పొయ్యి మీద, ఎవరి గరిటె వాళ్లది. ఆ జవాబు ఈ పాతికేళ్లలో చెదిరిపోయింది, చెదరగొట్టింది బిర్యానీ, ఫ్రైడ్‌రైస్. బిర్యానీలో మాంసం పక్క ప్లేటు కాదు, అన్నంలోనే ఉంది. దాన్ని తీసేస్తే మిగిలేది భోజనం కాదు. వెజ్ బిర్యానీ పేరుతో అదే మసాలా అన్నం మీద నాలుగు క్యారట్ ముక్కలు వేసి ఇస్తున్నారు. బండి మీద ఒకే బాణలిలో చికెన్ నూడుల్స్ తర్వాత వెజ్ నూడుల్స్ వేస్తారు. మెనూలో వెజ్ వంటకాల పేర్లు పెరిగాయి, నమ్మకం తగ్గింది. ఆహార భద్రతా నిబంధనలు శాకాహార, మాంసాహార పదార్థాలను వేరుగా ఉంచమంటున్నాయి, కానీ తినేవాడికి వంటగది కనపడదు. వెజ్ తినేవాళ్లు ఈరోజు అడగాల్సింది వేరే గది కాదు, వేరే బాణలి. హోటల్ యజమానులు ధరల బోర్డు పక్కనే ఒక మాట రాసి పెట్టాలి: పాత్రలు వేరో, కలిసినవో. కలిసినవైతే కలిసినవనే రాయండి. శనివారం మనిషి ఎలాగూ వస్తాడు, రానివాడు తెలిసే మానుకుంటాడు.