బెల్‌గ్రేడ్ న్యూవేవ్ బృందం: ఇదోలి (1980–84)

అలీనోద్యమం గురించి చదివినప్పుడు నెహ్రూ, నాసర్‌లతో పాటు యుగోస్లావియా నాయకుడు టిటో పేరు మీకు పరిచయమైంది. 1980 మే 4న టిటో మరణించాడు. 1991లో ఆ దేశం ముక్కలు కావడం మొదలైంది. ఈ రెండు తేదీల మధ్య కనిపించిన ప్రతిదానిలోనూ పతన సూచనలు వెదకడం చరిత్ర విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు. ఒక రాక్ బృందం విషయంలో అది ఎలా జరుగుతుందో చూడండి.

1980లో బెల్‌గ్రేడ్ యువకులు వ్లాదా దివ్‌ల్యాన్, స్ర్‌జాన్ షాపెర్, నెబోయ్‌షా క్ర్‌స్తిచ్, జ్దెంకో కోలార్ తదితరులు ‘ఇదోలి’ బృందంగా ఏర్పడ్డారు. పంక్ సంగీతం తరువాత బ్రిటన్‌లో వచ్చిన న్యూవేవ్ శైలి వారిది: చిన్న పాటలు, చురుకైన లయ, వ్యంగ్యం. ‘విదిత్సి’ అనే విద్యార్థి పత్రికతో పాటు వెలువడిన వారి తొలి రికార్డులోని ఒక పాట స్వలింగ ప్రేమను సూచించింది. సెర్బియాలో పురుషుల మధ్య అటువంటి సంబంధం 1994 వరకు నేరమే. అయినా ఆ రికార్డు రహస్యంగా చేతులు మారినది కాదు, వ్యవస్థలో భాగమైన విద్యార్థి పత్రికే దానిని అందించింది. సోషలిస్టు రాజ్యం అనగానే సెన్సారు కత్తెర మాత్రమే గుర్తుకు వచ్చేవారు ఇక్కడ కొంచెం ఆగాలి.

1981లో మూడు బెల్‌గ్రేడ్ బృందాల పాటలతో ‘పాకెట్ అరంజ్‌మన్’ అనే ఆల్బమ్ వెలువడింది. అందులో ఇదోలి పాడిన ‘మాల్చికి’ సోవియట్ పద్ధతి శ్రామిక కీర్తనలను ఎగతాళి చేసింది. దానిని ప్రచురించిన యుగోటాన్ సంస్థ ఉన్నది సెర్బియాలో కాదు, క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో.

అసలు చిక్కు 1982 నాటి ఆల్బమ్ ‘ఒద్‌బ్రానా ఇ పొస్లెద్‌న్యి దాని’తో వస్తుంది. పేరు బొరిస్లావ్ పెకిచ్ నవల నుండి తీసుకున్నది. అట్టమీద పాత సిరిలిక్ అక్షరాలు. పాటల్లో ఆర్థడాక్స్ క్రైస్తవ ఛాయలు. “సెర్బియన్ జాతీయవాదానికి ఇది నాంది కదా!” అనిపించవచ్చు. నాకూ ఒకప్పుడు అలాగే అనిపించింది. కాని ఈ ఆల్బమ్‌ను కూడా అదే జాగ్రెబ్ సంస్థ ప్రచురించింది. మతం గురించి బహిరంగంగా మాట్లాడటం అరుదైన సమాజంలో, భక్తికీ ప్రేమకూ మధ్య తచ్చాడే యువకుల కుతూహలం అందులో ఉంది. యుద్ధ పిలుపు లేదు. 1990 దశకపు ఘటనలు తెలిసిన మనమే ఆ అర్థాన్ని వెనక్కి మోసుకుపోతున్నాం.

1983లో వచ్చిన ‘చొకొలాదా’ తేలికైన పాప్ సంగీతం, బాగా ప్రజాదరణ పొందింది. మరుసటి ఏడాది బృందం విడిపోయింది. తరువాత క్ర్‌స్తిచ్, ఐరోపా సమాఖ్యలో చేరాలని కోరిన అధ్యక్షుడు బొరిస్ తాదిచ్‌కు సలహాదారు అయ్యాడు. దివ్‌ల్యాన్ 1990 దశకంలో ఆస్ట్రేలియాకు వెళ్ళాడు. 2015లో వియన్నాలో మరణించాడు.