ఆటిజము చిహ్నాభరణముల చరిత్రము



ఆభరణము దేహాలంకారమునకు మాత్రమే పుట్టినది కాదు. మంగళసూత్రమును, ముద్దుటుంగరమును ధరించినవారి స్థితిని జూపరులకు దెలుపును. బంగారు పనివారమగు మనకిది క్రొత్త సంగతి గాదు. అట్లు పలుకు నగలలో నొకటియగు ఆటిజము చిహ్నాభరణము వృత్తాంతమును మనవి చేయుచున్నాను.

1943లో బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లల లక్షణములను వర్ణించి యీ స్థితిని లోకమునకెరిగించెను. ఏకాంతప్రియత్వము, నిత్యక్రమము మారినచో సహింపజాలకుండుట వానిలో ముఖ్యములు. పిమ్మట పండితులు కొందరు తల్లుల ప్రేమలోపమే దీనికి హేతువనిరి. కన్నబిడ్డ పలుకకుండుటయే దుఃఖము. దానిపై నీ యపనింద యొకటి! 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్, తానును అట్టి బిడ్డకు దండ్రియే, ఆ వాదమును గ్రంథమూలమున ఖండించెను.

ఆ దినములలోనే, 1962లో, లండనునందు తల్లిదండ్రులు సంఘముగా నేర్పడిరి. మరుసటి యేట వారిలో జెరాల్డ్ గ్యాసన్ అను తండ్రి సంఘమునకు చిహ్నము గల్పించెను. ముక్కలు జతపరచి బొమ్మగూర్చు ఆట గలదు గదా, అందలి యొక ముక్క; దానిలో విలపించు శిశువు. ఈ స్థితి చిక్కుప్రశ్న వంటిదని భావము. 1999లో అమెరికా ఆటిజము సొసైటీ రంగురంగుల ముక్కల రిబ్బనును గైకొనెను. రిబ్బనును రొమ్మున ధరించు నాచారమునకు 1991లో న్యూయార్కు కళాకారులు ఎయిడ్సు రోగుల కొరకు గల్పించిన యెర్ర రిబ్బను మార్గము చూపినది. 2008 మొదలు ఏప్రిల్ 2వ తేదీ ఐక్యరాజ్యసమితి నిర్ణయముచే ప్రపంచ ఆటిజము దినమయ్యెను. ఆ ముక్క పతకముగను, చెవిపోగుగను, కడియమునకు వ్రేలాడు బిళ్ళగను అంగళ్లకెక్కెను. లాభములో గొంత ధర్మకార్యములకు జెందుచుండెను.

అంతలో బిడ్డలు పెద్దలైరి. ముక్కయనగా అసంపూర్ణము గదా, మేము పూర్ణ మనుష్యులమని వారిలో బలువురు వాదించిరి. 2018లో ‘ఆటిజం’ అను శాస్త్రపత్రిక తన ముఖపత్రమునుండి యా ముక్కను దొలగించెను. వారు కోరుకొన్నది అనంతచిహ్నము, అనగా 8 అంకెను పరుండబెట్టిన యాకారము. కొందరు దానికి ఇంద్రధనుస్సు రంగులను, కొందరు బంగారు వన్నెను గూర్తురు. బంగారమేలనందురా? రసాయనశాస్త్రమున బంగారమునకు సంకేతమైన ‘ఏ’, ‘యూ’ అను రెండక్షరములే ఆంగ్లమున ఆటిజము పదమునకు మొదటివి. మన లోహమే వారి గుర్తగుట నాకు ముచ్చట గొలిపినది.

గ్యాసనుగారిని నేను నిందింపను. అపనిందల నడుమ నొక తండ్రి చేసిన పని యది. అయినను ఎవరి పేర నగను ధరింతుమో వారు వలదన్న రూపమును వారి మెడలో వేయుట న్యాయముగా దోపదు. బేరమునకు వచ్చినవారికి రెండు రూపములును జూపి, వాని కథ చెప్పుడు.

వృత్తిసంబంధమైన మాట యొకటి. ఆటిజము గలవారిలో పెక్కుమందికి స్పర్శ మిక్కిలి తీవ్రముగా దోచును. గొలుసు కొక్కెము రాపిడియు, మొరటు అంచును వారికి దుర్భరములు. కావున అంచులను ఆకురాయితో నున్నన చేసి, ధరించువారి చేతికే యిచ్చి, ఒక పూట యుంచుకొని చూడుమనవలెను. మాటరాని బిడ్డకైనచో బిళ్ళ వెనుక తల్లిదండ్రుల ఫోను నంబరు చెక్కుడు. ఆ చెక్కుడుకు కూలి గొనకుడు.