ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్

పోలియో వల్ల తొడ కండరాలు చచ్చుబడినవారు నడిచేటప్పుడు మోకాలు కూలిపోకుండా కాపాడే తేలికపాటి ప్లాస్టిక్ క్యాలిపర్ ఇది. పొట్టిగా ఎఫ్‌ఆర్‌ఓ అంటారు. మన దేశంలో దీని చరిత్ర హైదరాబాద్ క్షిపణి ప్రయోగశాలతో ముడిపడి ఉంది.

తొడ ముందు కండరంలో బలం లేకపోతే, కాలి మీద బరువు మోపగానే మోకాలు మడత పడుతుంది. పోలియో సోకిన పిల్లలు అడుగడుగుకూ తొడ మీద చేయి ఆనించి నొక్కుకుంటూ నడిచేది ఇందుకే. పాత క్యాలిపర్‌లో రెండు పక్కలా లోహపు కడ్డీలు, తోలు పట్టీలు, మోకాలి దగ్గర తాళం, కింద బరువైన బూటు ఉండేవి. దానితో కాలు నిలబడేది. కానీ సత్తువ లేని ఆ కాలే అంత బరువునూ ఈడ్చుకెళ్ళాలి.

1969లో సాల్టియెల్ అనే ఆయన ఒక అమెరికన్ వృత్తి పత్రికలో వేరే దారి చూపాడు. పాదం నుంచి మోకాలి కింది దాకా ఒకే ముక్కగా ప్లాస్టిక్ తొడుగు చేసి, చీలమండను కదలనివ్వకుండా బిగించాడు. పాదం నేలను తాకినప్పుడు నేల తిరిగి ఇచ్చే ఒత్తిడి, తొడుగు ముందు భాగం గుండా మోకాలిని వెనక్కి నెడుతుంది. ఇక తాళం అక్కర్లేదు, కూర్చుంటే మోకాలు మామూలుగా వంగుతుంది. పేరులోని ‘ఫ్లోర్ రియాక్షన్’ ఈ నేల ఒత్తిడే.

హైదరాబాద్‌లోని క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌కు ఎ.పి.జె. అబ్దుల్ కలాం 1982 నుంచి నాయకత్వం వహించారు. 1989 మే 22న తొలిసారి ఎగిరిన ‘అగ్ని’ క్షిపణి ముక్కు భాగానికి వాడిన కార్బన్-కార్బన్ అనే మిశ్రమ పదార్థం చాలా తేలిక. నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడొకరు ప్రయోగశాలకు వచ్చి ఆ పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశారనీ, తర్వాత తనను ఆసుపత్రికి తీసుకెళ్ళి మూడు కిలోలకు పైగా బరువున్న క్యాలిపర్లతో కాళ్ళీడుస్తున్న పిల్లలను చూపించారనీ కలాం పలు ప్రసంగాల్లో చెప్పారు. మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్లు తయారయ్యాయి. వాటితో పిల్లలు పరుగులు తీస్తుంటే తల్లిదండ్రులు కంటతడి పెట్టారట. ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్, అగ్ని, అణుపరీక్షల సరసన దీన్ని తన నాలుగో ఆనందంగా ఆయన లెక్కించారు. క్షిపణుల గురించే ఎక్కువగా చెప్పుకొనే మనం ఈ నాలుగోదాన్ని ముందు వరుసలో నిలపాలి.

ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయాలి. కార్బన్-కార్బన్ ప్లాస్టిక్ లాంటి పాలిమర్ కాదు. అయితే పాలిమర్ నుంచే పుడుతుంది: కార్బన్ నారను రెజిన్‌తో కలిపి, గాలి తగలకుండా తీవ్రంగా వేడి చేస్తే రెజిన్ కూడా కార్బన్‌గా మారుతుంది. క్షిపణి ముక్కులా వేడిని తట్టుకునే శక్తితో క్యాలిపర్‌కు పనిలేదు. తేలికదనం, గట్టిదనం చాలు.

రక్షణ పరిజ్ఞానాన్ని వైద్యానికి మళ్ళించేందుకు 1993లో సొసైటీ ఫర్ బయోమెడికల్ టెక్నాలజీ ఏర్పడింది. గుండె వైద్యుడు బి. సోమరాజుతో కలిసి కలాం రూపొందించిన స్టెంట్ కూడా ఆ కాలం కృషే.

ఇలాంటి తొడుగులకు నేడు పాలీప్రొపిలీన్ ఎక్కువగా వాడుతున్నారు. ముందు కాలికి ప్లాస్టర్ చుట్టి అచ్చు తీసి, అందులో ప్లాస్టర్ పోసి కాలి నమూనా చేస్తారు. పొయ్యిలో మెత్తబడ్డ పాలీప్రొపిలీన్ రేకును ఆ నమూనా మీద పరిచి, లోపలి గాలిని పీల్చేస్తే రేకు కాలి ఆకారానికి అతుక్కుంటుంది. చల్లారాక అంచులు కోసి నునుపు చేస్తారు.

మన దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో బయటపడింది. అందుకే ఎఫ్‌ఆర్‌ఓను ఇప్పుడు ఎక్కువగా మోకాళ్ళు వంచి నడిచే సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు, చిన్నప్పుడు పోలియో సోకిన పెద్దలకు అమరుస్తున్నారు.