కారు తలుపు బిగుసుకుంటే: కొంచెం చరిత్ర, కొంచెం చిట్కా

పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌లు వాడిన వాళ్ళకి ఈ సంగతి గుర్తుండే ఉంటుంది. లోపల పైనున్న ఫ్రీజర్ మూత మంచుతో బిగుసుకుపోయి, ఎంత లాగినా వచ్చేది కాదు. చాకు పెట్టి పొడుస్తుంటే పక్కనుంచి పెద్దవాళ్ళు "గ్యాసు పోతుంది, వద్దు" అని కేకలేసేవారు. మిషిగన్, మిన్నెసోటా, షికాగో, టొరంటో వైపు కాపురాలుంటున్న మన ఆడవాళ్ళకి చలికాలంలో కారు తలుపుతో వచ్చే తంటా కూడా అచ్చంగా ఇదే. ఆ ఫ్రీజర్ మూత ఎందుకు అంటుకుపోయేదో, కారు తలుపూ అందుకే అంటుకుపోతుంది.

ఇదేదో చిన్న చికాకులే అనుకోకండి. రాత్రి డ్యూటీ దిగి పార్కింగ్‌లో ఒంటరిగా నిలబడిన అమ్మాయికీ, చంకలో పసిబిడ్డతో స్కూలు ముందున్న తల్లికీ అది చిన్న విషయం కాదు. గాలితో కలిపి చలి మైనస్ 28 డిగ్రీల సెల్సియస్‌కి దిగితే, కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టిపోతుంది. వెచ్చటి సీటు కళ్ళముందే ఉంటుంది, తలుపు మాత్రం రాదు.

విచిత్రం ఏమిటంటే, కార్లు వచ్చిన కొత్తలో ఈ బాధ లేనే లేదు. బిగుసుకోవడానికి అసలు తలుపులుంటే కదా! తొలినాటి కార్లు చాలావరకు గుర్రబ్బండికి ఇంజను తగిలించినట్టు ఉండేవి. పైన కప్పు ఉంటే ఉంది, లేకపోతే లేదు. చలికాలం బయలుదేరాలంటే ఉన్ని దుప్పట్లు, తోలు కోట్లు, కాళ్ళ దగ్గర వేడి చేసిన ఇటుకలు. మంచు ఎక్కువ కురిసే ఊళ్ళలో చాలామంది చలికాలమంతా కారుని కొట్టంలో పెట్టేసి, మళ్ళీ గుర్రాన్నే కట్టుకునేవారు.

అద్దం మీద మంచుతో జరిగిన తొలి పోరాటాల్లో ఒకటి మొదలుపెట్టింది ఒక ఆడమనిషే. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో ఉండే మేరీ ఆండర్సన్ 1900ల మొదట్లో చలికాలంలో న్యూయార్క్ వెళ్ళింది. ట్రామ్ ఎక్కితే, ముందు అద్దం మీద మంచువాన పేరుకుపోయి డ్రైవరుకి దారి కనిపించడం లేదు. అద్దం తెరిచి చూస్తే చలిగాలి అతని ముఖానికీ, వెనక కూర్చున్న వాళ్ళకీ కొడుతోంది. లోపలి నుంచి ఒక మీట తిప్పితే బయట రబ్బరు పట్టీ అద్దాన్ని తుడిచే ఏర్పాటు ఆమెకి తట్టింది. 1903 నవంబరు 10న పేటెంటు వచ్చింది. 1905లో ఒక కెనడా కంపెనీకి అమ్మజూపితే, దీనికి వ్యాపార విలువ లేదని తిప్పి పంపేశారు. 17 ఏళ్ళ గడువు 1920తో తీరిపోయింది. ఆ తర్వాత వైపరు లేని కారు లేదు, ఆమెకి మాత్రం దమ్మిడీ ముట్టలేదు.

ఇంకో పేరు కూడా తరచు వినిపిస్తుంది, షికాగోకి చెందిన మార్గరెట్ విల్‌కాక్స్. 1893లో పేటెంటు తీసుకుంది. కారు హీటరు కనిపెట్టింది ఈమేనని చాలాచోట్ల రాస్తుంటారు. ఆ రోజుల్లో అమెరికా వాళ్ళు కారు అంటే రైలుపెట్టె. ఆమె హీటరు కూడా రైలుపెట్టె కోసమే. అంతమాత్రాన ఆమె గొప్పతనం తగ్గదు. ప్రయాణంలో మనిషి చలికి వణకక్కర్లేదని అప్పట్లోనే ఆలోచించింది కదా!

మరి తలుపులు ఎప్పుడొచ్చాయి? 1919లో అమెరికాలో తయారైన కార్లలో నాలుగు పక్కలా మూసి ఉండేవి పదింట ఒకటి. 1927 నాటికి పదింట ఎనిమిదికి పైగా అవే. మధ్యలో హడ్సన్ కంపెనీ ఎసెక్స్ కోచ్ అనే మూసిన కారుని తక్కువ ధరకి దింపింది. దాంతో మిగతా వాళ్ళూ దిగిరాక తప్పలేదు. మూసిన కారు ఆడవాళ్ళ సౌఖ్యం కోసమని ప్రకటనలు వేసేవారు. వెచ్చదనం మగవాళ్ళకి చేదా ఏమిటి! అందరూ ఎగబడి కొన్నారు. తర్వాత హీటర్లు వచ్చాయి. 1938లో న్యాష్ కంపెనీ బయటి గాలిని లోపలికి తీసుకుని, వేడి చేసి పంపే ఏర్పాటు తెచ్చింది. కారు ఒక చిన్న వెచ్చటి గది అయింది.

తంటా కూడా అక్కడే మొదలైంది. గది అన్నాక చలిగాలి దూరకుండా తలుపు చుట్టూ రబ్బరు పట్టీ కావాలి. మన ప్రెషర్ కుక్కర్ గ్యాస్కెట్ లాంటిదే అనుకోండి. లోపలి వేడికి కప్పు మీది మంచు కరిగి, ఆ నీళ్ళు పట్టీ మీదికి జారతాయి. మన ఊపిరి తడి, బూట్లకి అంటిన మంచు తడి కూడా దానికి తోడు. రాత్రి ఆ పల్చటి నీటి పొర గడ్డకట్టి, రబ్బరునీ ఇనుమునీ జిగురులా పట్టేస్తుంది. అంటే మూలం తడి. తడి లేకపోతే ఎంత చలిలోనైనా తలుపు మామూలుగానే వస్తుంది.

ఆ రబ్బరుకీ ఒక వంటింటి కథ ఉంది. 1830ల్లో అమెరికాలో రబ్బరు వస్తువులు వేసవిలో కరిగి కంపుకొట్టేవి, చలికి రాయిలా గట్టిపడి పగిలేవి. దీన్ని చక్కదిద్దుతానని చార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన పంతం పట్టాడు. అప్పులపాలై జైలుకి వెళ్తే, భార్య క్లారిస్సా చేత పచ్చి రబ్బరూ అప్పడాల కర్రా తెప్పించుకుని అక్కడే ప్రయోగాలు చేశాడని చెబుతారు. 1839లో మసాచుసెట్స్‌లో గంధకం కలిపిన రబ్బరు వేడి పొయ్యికి తగిలి, కరగకుండా తోలులా మారింది. 1844లో పేటెంటు వచ్చింది. 1860లో చనిపోయేనాటికి ఆయన మీద దాదాపు 2 లక్షల డాలర్ల అప్పు. చలికీ ఎండకీ తట్టుకునే రబ్బరు మనకి దక్కింది. ఆ ఇల్లాలు అన్నేళ్ళు ఏం వండి పిల్లల కడుపు నింపిందో మాత్రం ఏ పేటెంటులోనూ ఉండదు.

ఈ రోజు తలుపు పట్టీకి రాసే సిలికాన్ ఇంకా తర్వాతది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు బాగా ఎత్తుకి ఎగిరితే తడి చేరి ఇంజను జ్వలన వ్యవస్థ దెబ్బతినేది. 1943లో మొదలైన డౌ కార్నింగ్ కంపెనీ దానికి సిలికాన్ ముద్ద తయారుచేసింది. నీళ్ళని దగ్గరికి రానివ్వదు, చలికి గడ్డకట్టదు. మనం షాపులో కొనే సిలికాన్ స్ప్రే కూడా ఆ కుటుంబంలోదే.

ఇంత కథ తెలిశాక చెయ్యాల్సిన పని సులువుగానే అర్థమవుతుంది. చలి ముదరకముందే ఒకరోజు నాలుగు తలుపుల పట్టీలూ, డిక్కీ పట్టీ తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. సిలికాన్ స్ప్రేని గుడ్డ మీద కొట్టుకుని పట్టీకి పల్చగా రాయండి. కారు కడిగించిన రోజూ, మంచు కరిగిన రోజూ పట్టీలు తుడిచాకే తలుపులు వెయ్యండి. ఇల్లు చేరాక రెండు నిమిషాలు తలుపులు తెరిచి ఉంచితే లోపలి వెచ్చటి తడిగాలి బయటికి పోతుంది. కొందరు వంటనూనె రాస్తారు. అది కొన్నాళ్ళకి జిగురుగా మారి దుమ్ము పట్టుకుంటుంది. పెట్రోలియం జెల్లీ లాంటివి కొన్ని రకాల రబ్బరుని ఉబ్బేలా చేస్తాయి.

అయినా బిగుసుకుంటే హ్యాండిల్ పట్టుకుని గుంజకండి. ముందు భుజంతో తలుపుని లోపలికి గట్టిగా నెట్టండి, మంచు పొర పటపటమని విరుగుతుంది. రాకపోతే మిగతా తలుపులు చూడండి. ఎండ తగిలిన పక్క తలుపు ముందు వస్తుంది. రుద్దుకునే ఆల్కహాలు రెండు పాళ్ళు, నీళ్ళు ఒక పాలు కలిపి స్ప్రే సీసాలో పోసుకుంటే మంచు కరుగుతుంది. తాళం కన్నంలోకి కొట్టే మందు మాత్రం కారులో కాకుండా హ్యాండ్‌బ్యాగులో ఉండాలి. కారులో పెడితే దాన్ని తియ్యడానికి మళ్ళీ ఆ తలుపే తెరవాలి కదా! మరిగే నీళ్ళు అస్సలు పొయ్యొద్దు, అద్దం పగులుతుంది. పగలకపోయినా ఆ నీళ్ళే మళ్ళీ గడ్డకడతాయి. కిటికీ అద్దం దిగకపోతే బటన్ అదే పనిగా నొక్కొద్దు, లోపలి తీగో మోటారో పోతుంది. హీటరు వేసి కాసేపు ఆగండి.

మన ఊళ్ళ నుంచి కొత్తగా వచ్చిన కోడళ్ళకీ, చదువుకోడానికి వచ్చిన పిల్లలకీ స్వెట్టర్లు, ఊరగాయలు సర్ది పంపుతాం. నవంబరు రాకముందే వాళ్ళకి ఒక సిలికాన్ స్ప్రే, ఒక పొడిగుడ్డ కూడా ఇచ్చి, తలుపు పట్టీ ఎలా తుడవాలో ఒకసారి దగ్గరుండి చూపించండి.